చేయి చూసుకోమను

జిల్లా పేజీ అడుగున, స్థలాల ప్రకటనల పక్కన, అప్పుడప్పుడూ ఒక చిన్న వార్త పడుతుంది. రైలు పట్టాల పక్కనో కాలవలోనో గుర్తు తెలియని మృతదేహం. వయసు సుమారు నలభై అయిదు, చామనఛాయ, నీలం గళ్ళ లుంగీ, తెల్ల చొక్కా. ఆ తర్వాత ఒక వాక్యం: కుడి చేతి మీద ‘అమ్మ’ అని పచ్చబొట్టు ఉంది. ఆచూకీ తెలిసినవాళ్ళు ఫలానా స్టేషన్‌కి రావాలి. చదివిన కాసేపటికి లుంగీ రంగు మర్చిపోతాను, ఆ రెండక్షరాలు మాత్రం పోవు. పంచనామా రాసిన హెడ్ కానిస్టేబుల్‌కి అవి ఆనవాలు. పొడిపించుకున్నవాడికి ఏమిటన్నది ఆ కాగితానికి ఎక్కదు. అమ్మ పోయాక పొడిపించుకున్నాడా, అమ్మతో పోట్లాడి ఊరొదిలిన ఏడాదా, లేక తిరునాళ్ళలో స్నేహితుడు చేయి చాపితే తనూ చాపాడా?

ఒంటి మీద గుర్తులంటే సర్కారుకి మొదటినుంచీ మక్కువే. మన పదో తరగతి సర్టిఫికెట్ల నిండా పుట్టుమచ్చలే. క్లాసు టీచరు వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి మోచేతులూ మెడలూ వెతికించి రెండేసి రాసుకునేవారు. రెండోది దొరకనివాళ్ళు పాత దెబ్బ మచ్చ ఏదో చూపించి గట్టెక్కేవాళ్ళు. అంతకు చాలా ముందు, 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకు పోయిన కూలీల జాబితాల్లోనూ ఇదే వరస. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, చివర ఒంటి గుర్తులు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వెళ్ళిన మనవాళ్ళ ఊరి పేర్లు ఆ గుమాస్తాల చేతుల్లో పడి గుర్తుపట్టలేనంతగా వంకరపోయాయి. మనిషిని పట్టుకోవడానికి చివరికి చర్మమే దిక్కు. మచ్చ ఎలా పడిందని ఎవరూ అడగరు, అడిగినా రాయడానికి గడి లేదు.

ఇప్పుడు కాలం తిరగబడింది. ఎలా పడిందన్నదే ముందు అడుగుతున్నారు.

మా అక్క కూతురు చేతి మీద టాటూ వేయించుకుంటానంటే తోడు వెళ్ళాను. మాదాపూర్‌లో, రెండో అంతస్తులో. పళ్ళ డాక్టరు దగ్గరుండే కుర్చీయే అక్కడా ఉంది. సూది ప్యాకెట్టు మా కళ్ళముందే చింపాడు ఆ కుర్రాడు. చేతులకి నల్ల గ్లౌజులు, రంగు పోసుకోవడానికి వేలెడు మూతలు. ఊదా కాగితం మీద గీసిన గిజిగాడి గూడు బొమ్మని దాని చేతికి అద్ది, అద్దంలో చూసుకోమన్నాడు. మెషిన్ చేతిలోకి తీసుకుంటూ, పేరో వయసో అడిగినంత మామూలుగా అడిగాడు: “దీని వెనక స్టోరీ ఏంటి మేడమ్?”

అది సిద్ధంగానే ఉంది, చెప్పింది. గూడు అల్లేది మగ పిట్ట అట, నచ్చకపోతే ఆడ పిట్ట వచ్చి చూసి ఎగిరిపోతుందట, కాబట్టి ఇది తన స్వాతంత్ర్యానికి గుర్తట. తర్వాత నావైపు తిరిగి, “మీనింగ్ లేకుండా ఎలా వేయించుకుంటాం పిన్నీ, లైఫంతా ఉంటుంది కదా” అంది. బొమ్మ ఎంచుకోవడానికి దానికి ఒక పూట పట్టింది. సంగతి తయారు చేసుకోవడానికి నెలలు.

గది బయట బెంచీ మీద ఇంకొందరు కూర్చుని ఉన్నారు. పెళ్ళిరోజుని రోమన్ అంకెల్లో వేయించుకోవడానికి వచ్చిన కొత్త జంట. చచ్చిపోయిన కుక్క పాదం అచ్చుని ఫోన్‌లో దాచుకొచ్చిన అబ్బాయి. ఒకమ్మాయి మణికట్టు మీద సెమికోలన్, అంటే పైన చుక్క, కింద కామా. దాన్ని 2013లో అమెరికాలో ఏమీ బ్లూయెల్ అనే ఆమె ఉద్యమంగా మొదలుపెట్టింది. రాసేవాడు వాక్యాన్ని ముగించగలిగీ ముగించకుండా కొనసాగించిన చోట పెట్టే గుర్తు అది. ప్రాణం తీసుకుందామనుకుని ఆగిన మనుషులు దాన్ని ఒంటికెక్కించుకున్నారు. మొదలుపెట్టినామె 2017లో ఆత్మహత్య చేసుకుని పోయింది. గుర్తు పోలేదు. ఆ అమ్మాయిని నేనేమీ అడగలేదు.

నన్ను పట్టేసింది మాత్రం ఇంకొకడు. ముప్ఫై దాటిన మనిషి, డాలస్ నుంచి సెలవు మీద వచ్చాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నూనె మరకలున్న చీటీ తీసి, ఆర్టిస్టు బల్ల మీద పరిచాడు. వాళ్ళమ్మ ఆవకాయ జాడీకి అంటించి పంపిన చీటీ. నీలం బాల్ పెన్నుతో, అయిదో తరగతితో ఆగిన చేతిరాతలో, “తడి చెయ్యి పెట్టకు” అని ఉంది. ఆమె పోయిన ఎండాకాలం పోయింది. ఆ రాత ఉన్నదున్నట్టు, ‘య్యి’ కిందికి జారిన వంపుతో సహా, ముంజేతి మీద కావాలి. అతనికి వేసే ఆర్టిస్టు హిందీ కుర్రాడు. అర్థమేమిటన్నాడు. ఇతను ఆలోచించి, “మదర్స్ బ్లెస్సింగ్” అన్నాడు. మాతో మాత్రం తెలుగులో, “ఇదేంటని అక్కడ అమెరికావాళ్ళు అడిగితే శ్లోకం అని చెప్తానండీ” అని నవ్వాడు. మంచి శ్లోకమే. వేదాల్లో లేదుగానీ తెలుగువాళ్ళ ఇళ్ళలో తరతరాలుగా నడుస్తోంది.

ఈ పిల్లల దగ్గర కథలకు కొదవలేదు. నా అనుమానం ఒక్కటే, వీళ్ళు కథని ముందే రాసేసుకుని దానికి బొమ్మ గీయిస్తున్నారు. మా నాయనమ్మ తరంలో సూది ముందు, కథ తర్వాత. ఎంత తర్వాతో కూడా చెప్పలేం.

నాయనమ్మది పల్నాడు. నుదుటి మీద కుంకుమ పెట్టుకునే చోట ఒక చుక్క, గడ్డం మీద మూడు చుక్కలు, ఎడమ చేతి మీద తులసికోట, దాని కింద తేలు. ఇవన్నీ ఏడెనిమిదేళ్ళ వయసులో ఎరుకలసాని పొడిచినవి. సోది చెబుతానంటూ వచ్చే ఆ ఎరుకలామెలే “పచ్చ పొడుస్తామమ్మా పచ్చ” అని కూడా కేకేసేవాళ్ళట. ఆముదపు దీపం మసిని కుండపెంకుకి పట్టించి, గీరి, గుంటగలగరాకు పసరుతోనో చంటిపిల్ల తల్లి చనుబాలతోనో రంగరించేవాళ్ళు. నాలుగైదు సూదుల్ని దారంతో కట్టగా బిగించి, ముంచి, గుచ్చుతూ పోవడమే. ఏడవకుండా ఒకామె పాట పాడేది, ఇంకొకామె కాళ్ళు పట్టుకునేది. అయ్యాక పసుపు పూసి, చాటెడు బియ్యం, ఒక పాత రవిక పుచ్చుకుని పోయేవాళ్ళు. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్స్టన్ దక్షిణ భారతదేశపు కులాల మీద అచ్చేసిన ఏడు సంపుటాల్లో కొరవ స్త్రీలు, అంటే మన ఎరుకలామెలే, ఊరూరా తిరిగి పచ్చ పొడవడం గురించి రాశాడు. తేళ్ళు, పిట్టలు, చేపలు, పూలు. మా నాయనమ్మ చేతి మీది తేలు ఆ జాబితాలోదే.

ఎందుకు పొడిపించుకున్నావని ఎన్నిసార్లో అడిగాను. అడిగినప్పుడల్లా వేరే జవాబు. “ఎందుకేంది, ఆడపిల్లన్నాక ఉండొద్దూ.” మరొకరోజు, తేలు బొమ్మ ఉంటే తేలు కుట్టదని. ఇంకోరోజు, “పోయేటప్పుడు పుస్తెలు తీసుకుంటారు, చీర తీసుకుంటారు, పచ్చబొట్టుని తియ్యమను చూద్దాం.” ఈ చివరి మాట దేశంలో చాలాచోట్ల వినిపిస్తుంది, గోండు ఆడవాళ్ళ దగ్గరా ఇదే నమ్మకం. కొన్నిసార్లు మాత్రం నిజం చెప్పేది: “ఏడిస్తే మా యమ్మ ఈపు మీద రెండు ఏసింది. అంతకన్నా గుర్తు లేదు.” ఏ జవాబునూ తిరిగి వెనక్కి తీసుకునేది కాదు. అన్నీ నిజమే అన్నట్టు ఉండేది.

మోచేతి దగ్గర నాలుగు చుక్కలు మాత్రం దేనికో ఆమెకు ఖాయంగా తెలుసు: నొప్పికి. నొప్పి తగ్గిందా అంటే, “పొడిపించుకున్నాక తగ్గకుంటే ఎట్టా” అనేది. 1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దు మంచుకొండల్లో అయిదువేల మూడు వందల ఏళ్ళ నాటి మనిషి దొరికాడు. ఓట్జీ అని పేరు పెట్టారు. అతని ఒంటి మీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టారు. బొమ్మలేమీ లేవు, గీతలూ, చిన్న ఇంటూ గుర్తులూ. చాలావరకు నడుము మీద, మోకాలి దగ్గర, చీలమండల దగ్గర, అంటే కీళ్ళు అరిగిన చోట్ల. వైద్యమే అయి ఉంటుందని పరిశోధకుల అంచనా. మంచులో ఎండిపోయిన ఆ మనిషికీ నాయనమ్మకీ కీళ్ళ నొప్పుల దగ్గర మాటలు బాగానే కలిసేవి.

ఇక ముంజేతి మీద తాతయ్య పేరు. పెళ్ళయ్యాక కోటప్పకొండ తిరునాళ్ళలో పొడిపించుకుంది. తిరునాళ్ళలో పచ్చబొట్టువాడి దుకాణం ఇప్పటికీ చూడొచ్చు. అద్దం కింద అట్ట మీద గుండెలో దిగిన బాణం, ఆంజనేయుడు, నెమలి, గులాబీ, హీరోల పేర్లు. పక్కన బ్యాటరీ, దానికి వైరు, వైరు చివర గీపెట్టే మెషిన్. ఆ మెషిన్ తాతముత్తాతలు వేరే దేశంలో ఉన్నారు. 1876లో ఎడిసన్ కాగితాలకు నకళ్ళు తీయడానికి సూదితో కొట్టుకునే కరెంటు కలం చేశాడు. కాగితం కోసం చేసినది కాగితం మీద పెద్దగా నిలవలేదు. అదే ఊహని పట్టుకుని 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ చర్మానికి సరిపడా మార్చి పేటెంటు తీసుకున్నాడు. అక్కణ్ణించి కోటప్పకొండ ప్రభల నీడకు ఎన్ని చేతులు మారి వచ్చిందో. ఒకే సూదిని గుడ్డతో తుడిచి అందరికీ పొడిచే దుకాణాల దగ్గర మాత్రం చేయి చాపకండి. కామెర్ల వైరస్‌లు బి, సి రెండూ ఆ దారినే వస్తాయి.

నాయనమ్మకి చదువు లేదు. తాతయ్య పేరుని ఎవరో సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసిస్తే వాడు చూసి పొడిచాడు. పొడవడంలో ఒక ఒత్తు ఎగిరిపోయింది. ఆమెకు ఆ సంగతి ఏళ్ళ తరబడి తెలియదు. తెలిశాక కూడా ఖాతరు చేయలేదు. ఎందుకంటే ఆ పేరుతో ఆమెకు వేరే పని ఉంది. మొగుడి పేరు నోటితో పలకకూడదన్న రోజులు. జనాభా లెక్కలకని బళ్ళో పంతులుగారు వచ్చి, “ఇంటాయన పేరేంది పెద్దమ్మా” అంటే, కొంగు సర్దుకుని, నావైపు తిరిగి, “చేయి చూసుకోమను” అని ముంజేయి చాపేది. ఆయన వంగి చదువుకుని రాసుకునేవాడు. రేషన్ కార్డుకీ అంతే, ఓటరు లిస్టుకీ అంతే. పలకకూడని పేరు, చదవలేని అక్షరాలు. అయినా ఊళ్ళో ఏ ఇల్లాలికీ లేనంత సదుపాయంగా ఆమె మొగుడి పేరు చెప్పగలిగేది.

ఆ ఒత్తు ఆఫీసుల్లోకి మాత్రం ఎక్కింది. తాతయ్య పోయాక పింఛను కాగితాల్లో ఒకచోట ఒత్తుంది, ఒకచోట లేదు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నాడు బల్ల అవతలి మనిషి. నాయనమ్మ అక్కడా చేయి చాపింది. ఆయనకి చదవడం వచ్చుగానీ ఆ చేయి ఏ సెక్షన్ కిందికి వస్తుందో తెలియలేదు. మా నాన్న కోర్టు ముందు స్టాంపు కాగితాలు అమ్మేచోట లైన్లో నిలబడ్డాడు.

అసలు చెప్పాలనుకున్నది తాతయ్య పోయిన పదో రోజు. గాజులు పగలగొట్టారు, పుస్తెలు తీశారు, తలలో పూలు తీశారు, నుదుటి కుంకుమ తుడిచారు. నాకప్పుడు చిన్నతనమే అయినా ఆ రోజు బాగా గుర్తు. తుడిచిన కుంకుమ కింద నుంచి పచ్చటి చుక్క బయటపడింది. తుడిచినావిడ అలవాటు కొద్దీ తడిగుడ్డతో ఇంకోసారి రుద్దింది. రుద్ది, ఆగింది. పెట్టమన్నది ఈ జనమే, ఇప్పుడు తీసేయమంటున్నదీ వీళ్ళే, కానీ తీయడం వీళ్ళ చేతుల్లో లేదు. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు నాయనమ్మ బొట్టుతోనే తిరిగింది. పేరంటాలకు పిలవలేదు, నిజమే. శకునానికి ఎదురు రావద్దన్నారు, అదీ నిజమే. కానీ ముసలితనంలో ఎవరైనా తెలియనివాళ్ళు “ముత్తైదువా?” అని అడిగితే, చుక్క మీద వేలు పెట్టి చూపించి ఊరుకునేది. అబద్ధం ఆడింది లేదు. ఏడేళ్ళ పిల్ల నుదుటి మీద ఎరుకలామె చుక్క పెట్టిన రోజున అందులో ఈ సంగతి లేదు. నలభై అయిదేళ్ళకి వచ్చి చేరింది.

పచ్చబొట్టు చెరగదంటారు కదా. దానికి చర్మం లోపల జరిగే తంతు వింటే ఇంకా చిత్రంగా ఉంటుంది. సూది రంగుని పై పొర దాటించి కింది పొరలో దింపుతుంది. బయటి సరుకు వచ్చిందని ఒంట్లో కాపలా కాసే మాక్రోఫేజ్ కణాలు పరిగెత్తుకొచ్చి ఆ మసి రేణువుల్ని మింగుతాయి. మింగుతాయిగానీ అరిగించుకోలేవు. అలాగే కూర్చుంటాయి. 2018లో ఫ్రాన్సులోని మార్సెయ్ శాస్త్రవేత్తలు ఎలుకల తోకల మీద పచ్చబొట్లు వేసి, ఆ కణాల్ని కావాలని చంపి చూశారు. బొమ్మ చెరగలేదు. చచ్చిన కణం విడిచిన రంగుని కొత్తగా వచ్చిన కణం మళ్ళీ మింగింది. అంటే మనం చూస్తున్న గీత అదే, పట్టుకున్న కణాలు మాత్రం ఎప్పటికప్పుడు మారుతున్నాయి. నల్లటి మసి పచ్చగా, నీలంగా కనబడటం కూడా పైన చర్మం వెలుతురుని చెదరగొట్టడం వల్లనే. రంగుని మార్చేది పైన కప్పుకున్న మనిషే.

ఆదిలాబాద్ వైపు రాజగోండుల ఇళ్ళకి పచ్చబొట్లు పొడిచేది తోటి అనే తెగ ఆడవాళ్ళు. తోటి మగవాళ్ళు కిక్రి వాయించి గోండుల పుట్టుపూర్వోత్తరాలు పాడతారు. వంశకథ మగవాళ్ళ నోట, గుర్తు ఆడవాళ్ళ సూది మొన. ఒకే ఇంట్లో ఈ రెండు పనులూ ఉండటం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. ఇప్పుడు గోండు పిల్లలు చదువుకుని హాస్టళ్ళకి వెళ్ళాక ముఖాల మీద పొడిపించుకోవడం తగ్గింది. హైదరాబాద్ స్టూడియోల్లో మాత్రం ‘ట్రైబల్’ అని ఒక పుస్తకమే ఉంది, అందులో ఏ తెగవో తెలియని నల్ల వంపులు. ఏ తెగా దాన్ని తనదనదు.

ఇంతకీ అందరూ ఇష్టపడే చేయి చాపారనుకోవడానికి లేదు. 1797లో బెంగాల్లో కంపెనీ ప్రభుత్వం యావజ్జీవ ఖైదీల నుదుటి మీద నేరాన్ని పచ్చపొడిపించే చట్టం తెచ్చింది. మద్రాసుకీ పాకిన ఆ పద్ధతి 1849లో రద్దయ్యే దాకా నడిచింది. ఖైదీలు తలపాగాల్ని కనుబొమల దాకా దించి కట్టుకునేవాళ్ళు. పాతకాలపు ముచ్చట అనుకుంటే, 1993లో అమృత్‌సర్‌లో పోలీసులు నలుగురు ఆడవాళ్ళ నుదుళ్ళ మీద జేబుదొంగ అని పొడిపించారు. ఆ పోలీసులకు శిక్ష పడింది 2016లో. ‘దీవార్’లో చిన్నపిల్లవాడి చేతి మీద ‘నా తండ్రి దొంగ’ అని పొడిచే సన్నివేశం 1975 నాటిది, ఆ కథే మరుసటేడు ఎన్టీఆర్‌తో ‘మగాడు’గా తెలుగులోకి వచ్చింది. సినిమాలో హీరో దాన్ని మోస్తూ పెద్దవాడై, తల్లి కూలి చేసిన భవంతినే కొనేంతవాడు అవుతాడు. అమృత్‌సర్ ఆడవాళ్ళు ప్లాస్టిక్ సర్జరీ కోసం తిరిగారు.

నాజీల కాలంలో ఆష్విట్జ్ శిబిరంలో ఎడమ ముంజేతుల మీద పొడిచిన నెంబర్ల సంగతి అందరికీ తెలుసు. అందరికీ తెలియనిది దాని తర్వాతి భాగం. బతికి బయటపడ్డ తాతల, అమ్మమ్మల నెంబర్లని కొందరు మనవలు తమ చేతుల మీద వేయించుకున్నారు. 2012లో ఇజ్రాయెల్‌లో దీని మీద ‘నంబర్డ్’ అని డాక్యుమెంటరీ కూడా వచ్చింది. చాలామందికి ఒళ్ళు మండింది. సంకెలకి నకలు తీయించుకోవడమేమిటని అడిగారు. ఆ కోపమూ నాకు అర్థమవుతుంది, ఆ మనవడూ అర్థమవుతాడు. తీర్పు చెప్పడం నా వల్ల కాదు.

ఛత్తీస్‌గఢ్ రామనామీల దగ్గర మాత్రం నాకు తడబాటు లేదు. 1890ల్లో చార్‌పారా అనే ఊళ్ళో పరశురామ్ అనే దళితుడు మొదలుపెట్టిన సమాజం వాళ్ళది. అంటరానివాళ్ళని గుళ్ళోకి రానివ్వలేదు. సరే, మీ రాముణ్ణి మీ గుళ్ళోనే ఉంచుకోండి అని, ఒళ్ళంతా రామ నామం పొడిపించుకున్నారు. చేతులు, ఛాతీ, బుగ్గలు, కనురెప్పలు. తల నుంచి కాలిగోరు దాకా పొడిపించుకున్నవాళ్ళని నఖశిఖ రామనామీలంటారు. వాళ్ళకి గుడీ లేదు, విగ్రహమూ లేదు. నెమలీకల కిరీటాలు, రామ నామం అచ్చేసిన తెల్లటి దుప్పట్లు, గజ్జెల చప్పుడుతో భజన. తలుపు వేసినవాడికి ఇంతకన్నా గడుసు జవాబు నేనెక్కడా చదవలేదు. తాకితే మైలపడతామన్నవాడు కొట్టబోతే దెబ్బ పడేది రాముడి పేరు మీదే. రామనామీల మనవలు ఇప్పుడు పనులకని పట్నాలకు వెళ్తూ మొహం మీద వద్దంటున్నారట. చిన్నగా, చొక్కా చేయి కిందికి వచ్చేట్టు ఒక్కసారి రాయించుకుంటున్నారు. ముత్తాతకి అది పోట్లాట, మనవడికి ఇంటిపేరు.

ఉద్యోగాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. సైన్యానికీ కేంద్ర బలగాలకీ వెళ్ళే కుర్రాళ్ళ టాటూల మీద నిబంధనలున్నాయి. కేంద్ర బలగాల్లో ముంజేతి లోపలి వైపు ఉండొచ్చు, అదీ ఎడమ చేతికి, ఎందుకంటే సెల్యూట్ కుడిది. పేరో దేవుడి గుర్తో అయితే ఒప్పుకుంటారు, పరిమాణం ఆ భాగంలో పావువంతు దాటకూడదు. ఊళ్ళో పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు కొలతపట్టీ పట్టుకుని మరీ ఈ పావువంతు మీద వాదించుకోవడం విన్నాను. ప్రేమించిన అమ్మాయి పేరుకి ఎన్ని అక్షరాలున్నాయన్నది అప్పుడే వాళ్ళకి మొదటిసారి సమస్య అవుతుంది.

ప్రేమ పేర్ల దగ్గరే స్టూడియోలకి రెండోసారి బేరం. ఇదివరకటి పేరు మీద నెమలి వేస్తారు, ఈకల్లో అక్షరాలు కలిసిపోతాయి. లేజర్‌తో తీయించుకోవచ్చు, నలుపు త్వరగా పోతుంది, ఆకుపచ్చ మొండికేస్తుంది, విడతలు విడతలుగా నెలలు పడుతుంది, పొడిపించుకున్నప్పటికన్నా ఎక్కువ ఖర్చు, ఎక్కువ నొప్పి. నెమలే చవక. మా అపార్టుమెంటులో ఒకతని భుజం మీద అలాంటి నెమలి ఉంది. ఎండలో చొక్కా విప్పితే తోక దగ్గర ‘ల’ కి గుడి ఇంకా కనబడుతుంది. ఇద్దరు పిల్లలు, మంచి సంసారం. “అంకుల్ నెమలికి లి ఉంది” అని వాళ్ళ పిల్లల స్నేహితులు కేరింతలు కొడతారు. ఆ ఇల్లాలు కూడా నవ్వుతుంది. ఆ నవ్వు ఎన్నాళ్ళకి వచ్చిందో నాకు తెలియదుగానీ, నెమలి గీసినవాడికి మాత్రం అది తెలిసే వీలు లేదు.

మా మేనత్తకి రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కరెంటు పెట్టించాలన్నారు. పెట్టే కిరణం రోజూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేచోట పడాలి కాబట్టి, ముందుగా ఛాతీ మీద మూడుచోట్ల సూదితో గుచ్చి నల్ల సిరా చుక్కలు దింపుతారు. గుండుసూది తలంత ఉంటాయి. కొన్ని ఆసుపత్రుల్లో ఇప్పుడు వేరే పద్ధతులొచ్చినా, మేం వెళ్ళినచోట ఇదే. టెక్నీషియన్ పిల్ల చెయ్యి సుతారంగా ఉంది. “నొప్పి ఉండదమ్మా, జస్ట్ మార్కింగ్” అంది.

అత్త నాయనమ్మ కూతురు, ఆ చేతుల్లో పెరిగింది. “సూదితో పొడిచి మసి పెడితే పచ్చబొట్టు అనక ఏమంటారమ్మా” అంది పడుకునే. “మాకు ఎరుకలామె పొడిచేది. పాట పాడేది. నువ్వు పాడవా?” ఆ పిల్ల నవ్వాపుకోలేక సిరా పక్కన పెట్టేసింది. మూడూ అయ్యాక అత్త తల వంచి చూసుకుని, “మూడు చుక్కలకి ఏం ముగ్గొస్తుందే” అని నన్నడిగింది. ఆపైన ఆ పిల్లతో బేరానికి దిగింది: “చాటెడు బియ్యం ఇచ్చేవాళ్ళం. నీకేమియ్యాలి?”

వారాల తరబడి వెళ్ళాం. కరెంటు అయిపోయింది, చుక్కలు ఉన్నాయి. ఇప్పుడు అత్త దగ్గర ఎవరు ఏ జవాబు రాబట్టుకుంటారన్నది అడిగేవాళ్ళని బట్టి ఉంటుంది. పక్కింటావిడతో దిష్టి చుక్కలంది. మనవరాలితో, డాక్టరమ్మ గురి చూసి కొట్టడానికి పెట్టిన గుర్తులంది. మామయ్య ముందు ఆ ఊసే ఎత్తదు. మొన్న మా అక్క కూతురు గిజిగాడి గూడు చూపించి, దాని వెనకున్నదంతా వివరంగా చెప్పి, “నీ వాటికి మీనింగ్ ఏంటి అమ్మమ్మా?” అంది.

“నీది కొత్తది కదే,” అంది అత్త, దాని చేతిని వెలుతురులోకి తిప్పి చూస్తూ. “ముందు పొక్కు రాలనీ. కొబ్బరినూనె రాయి.”